పట్టాల పక్కన ఇల్లు.. పట్టా ఎవలిది?

మొన్న ఒక ఆదివారం పొద్దుగాల్నే మా మేనల్లుడు ఫోన్ చేసిండు. "మామా, ఒక ఇల్లు సూసిన. రెండు అర్రలు, వంటిల్లు, బోరు. నూటయాభై గజాలు. పక్క బజార్ల గసుంటి ఇల్లే నలభై లక్షలు చెప్తున్నరు. గిది ఇరవై ఎనిమిదికే ఇస్తరట. ఎన్క రైలు పట్టాలున్నయి, గంతే. తీసుకోవాల్నా?"

వానికి ముప్ఫై రెండేండ్లు. ఊర్ల ఎకరం అమ్మిన పైసలు, పెండ్లాం మీద ఉన్న నాలుగు తులాల బంగారం, పదేండ్లు డీసీఎం నడిపి కూడబెట్టింది.. అంతా కలిపి గీ ఒక్క ఇంటి మీద పెడ్తున్నడు. మళ్ల అమ్మనీకి ఇంకో ఎకరం లేదు. అందుకే వాడు "గంతే" అన్న మాట కాడ నేను ఆగిన. పన్నెండు లక్షలు ఎవలూ పుణ్యానికి తగ్గియ్యరు. ధర తగ్గిందంటే ఏదో ఒక బరువు అమ్మెటోని నెత్తి మీదికెళ్లి కొనెటోని నెత్తి మీదికి దిగుతున్నట్టే. ఆ బరువేందో తెల్వకుంట సంతకం పెట్టొద్దు.

గిది మా వాని ఒక్కని ముచ్చట కాదు. తెలంగాణల రైలు లైన్ పోయిన ప్రతి చిన్న పట్నంల గిదే కథ. కాజీపేట నుంచి విజయవాడ దిక్కు, బల్లార్షా దిక్కు మూడో లైన్ పనులు నడుస్తున్నయి. మనోహరాబాద్–కొత్తపల్లి కొత్త లైన్ మీద 2023 అక్టోబర్‌ల సిద్దిపేటకు రైలు వచ్చింది. సనత్‌నగర్ నుంచి వాడి దాంక మూడో, నాలుగో లైన్లకు 2025 ఆగస్టుల కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్నది. లైన్ ముచ్చట వినవడంగనే పక్కన వెంచర్ లేస్తది. కిరాయి ఇండ్లల్ల నలిగిన మన పోరగాండ్లే ఆ వెంచర్లకు గిరాకీ. అందుకే కూసొని లెక్క తీద్దాం.

సప్పుడు సంగతి

వానితోని కలిసి పోయి ఆ ఇల్లు సూసిన. బ్రోకర్ కూడ ఉన్నడు. మేం నిలబడ్డ అర్ధగంటల రెండు గూడ్సులు, ఒక ఎక్స్‌ప్రెస్ పోయినయి. కిటికీ అద్దం గల్లుగల్లుమన్నది. "పదిహేను రోజులైతే అలవాటైతది సార్" అన్నడు బ్రోకర్. అండ్ల అబద్ధం లేదు. పట్టాల పక్కన పుట్టి పెరిగినోళ్లు రైలు రాకుంటెనే నిద్ర పట్టదంటరు. కని పసిపిల్లలకు, బీపీ ఉన్న ముసలోళ్లకు, రాత్రి డ్యూటీ చేసి పగలు పండుకునెటోళ్లకు అలవాటు గంత సులువు కాదు. సర్కారు సొంత నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంల సప్పుడు పగటి పూట 55 డెసిబుల్స్, రాత్రి 45 దాటొద్దు. పట్టాల పక్క ఇంట్ల ఆ లెక్క కాయితం మీదనే ఉంటది.

ఒక గుర్తు చెప్త. లైన్ పొంటి నడిచి సూడుండ్రి. పసుపు రంగు బోర్డు మీద నల్లగ ఇంగ్లిషుల "డబ్ల్యూ/ఎల్" అని, హిందీల "సీ/ఫా" అని రాసి ఉంటది. ముంగట గేటు ఉన్నది, హారన్ కొట్టు అని డ్రైవర్‌కు చెప్పే బోర్డు అది. మామూలుగ గేటుకు 600 మీటర్ల ముందు పెడ్తరు. ఆ బోర్డుకు, గేటుకు నడుమ మీ ఇల్లు ఉంటే పగలైనా, అర్ధరాత్రైనా హారన్ మీ ఇంటి కాడనే మోగుతది. ఇంకో అర కిలోమీటర్ అవుతల అదే లైన్ పక్కన ఇల్లు తీసుకుంటే ఆ బాధ శానా తక్కువ.

కొనే ముందు ఒక్క రాత్రి ఆ ఇంట్ల పండుకోండ్రి. అమ్మెటోడు ఒప్పుకోకుంటే అదే మీకు సగం జవాబు. పొద్దున లేచి కిటికీ మూలల కాడ, తలుపు మీద, గోడకు పిల్లర్‌కు నడుమ పగుళ్లు సూడండ్రి. కొత్త సున్నం ఒక్క గోడకే ఏసి ఉంటే ఆ గోడనే ఎక్కువ సేపు సూడండ్రి. పునాది మంచిగ లేని ఇంటిని గూడ్సు బండి రోజుకు ఇన్నిసార్లు ఊపుతది, ఏండ్ల తరబడి.

అయినా తమ్మీ, సప్పుడు అన్నిటికంటే చిన్న సమస్య. అది చెవులకు వినవడ్తది కాబట్టి అందరు దాన్నే మాట్లాడుతరు. అసలు సమస్యకు సప్పుడు ఉండదు.

హద్దు యాడ ఉన్నది?

బ్రోకర్‌ను అడిగిన: "రైల్వే హద్దు యాడున్నది?" వాడు పట్టాల దిక్కు చెయ్యి సూపెట్టిండు. గీడనే మనోళ్లు మోసపోతున్నరు. పట్టా ఏసిన కాడ రైల్వే జాగ అయిపోదు. కట్ట, దాని అడుగున వాలు, పక్క కాలువ, ఇంకా అవుతల ఖాళీ జాగ.. గదంతా రైల్వేదే కావచ్చు. హద్దు రాళ్లో, భూమిల పాతిన పాత రైలు ముక్కలో గుర్తులుగ ఉంటయి. కొన్ని కాడ అవి మట్టిల కూరుకపోయినయి, కొన్ని కాడ ఎవలో పీకేసిండ్రు.

మన లైన్లు ఇయ్యాలటియి కావు. వాడి–సికింద్రాబాద్ లైన్ 1874ల పడ్డది. అది వరంగల్ మీదికెళ్లి బెజవాడ చేరింది 1889ల. అప్పుడు నిజాం జమానాల తీసుకున్న భూముల కాయితాలు రైల్వే కాడ ఒక తీరు, రెవెన్యూ కాడ ఒక తీరు ఉంటే నడుమ నలిగేది ఇల్లు కొన్నోడే. ఖాళీ జాగ కనవడ్డది, నాలుగు గుంటలు కలుపుకున్నరు, ప్లాట్లు చేసిండ్రు, చేతులు మారినయి. నాలుగో చేతికి వచ్చేసరికి అది "పక్కా రిజిస్ట్రేషన్ ప్లాట్" అయితది.

గీడ ఒక రూల్ తెల్సుకోండ్రి. 2012ల వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్ ప్రకారం రైల్వే హద్దుకు, ఇంటి అంచుకు నడుమ 30 మీటర్లు ఉండాలె. లేకుంటే రైల్వే నుంచి అభ్యంతరం లేదనే కాయితం, అదే ఎన్‌వోసీ, తెచ్చుకోవాలె. 30 మీటర్లంటే 98 ఫీట్లు. కొలత పట్టాల నుంచి కాదు, రైల్వే హద్దు నుంచి. మేం టేపు పట్టి కొలిచినం. హద్దు రాయి నుంచి ఆ ఇంటి ఎన్క గోడకు పదకొండు మీటర్లు! ఎన్‌వోసీ అడిగితే అమ్మెటోడు కరెంటు బిల్లు తెచ్చి సూపెట్టిండు.

కరెంటు మీటర్, నల్లా కనెక్షన్, ఇంటి పన్ను రసీదు.. గివేవీ హక్కు కాయితాలు కావు. రిజిస్ట్రేషన్ కూడ కాయితాన్ని నమోదు చేసుడే తప్ప, గా జాగ అమ్మినోనిదేనని సర్కారు ఇచ్చే గ్యారంటీ కాదు. 2024ల హైదరాబాద్‌ల హైడ్రా బుల్డోజర్లు చెరువుల కాడికి వచ్చినప్పుడు సూసినం గదా. రిజిస్ట్రేషన్ ఉన్నది, పన్ను కట్టినం, బ్యాంకు లోన్ ఇచ్చిందని మొత్తుకున్నోళ్ల ఇండ్లు కూడ కూలినయి. ఎల్‌ఆర్‌ఎస్ కట్టిన రసీదు ఉన్నా రైల్వే హద్దు ముచ్చట దాంతోని తేలదు.

హల్ద్వానీ చెప్పిన పాఠం

"గంత మంది ఉన్నరు, అందరి ఇండ్లు కూలగొడ్తరా?" అని బ్రోకర్ అన్నడు. గీ ధైర్యం మీదనే ఎన్నో బస్తీలు లేచినయి. ఉత్తరాఖండ్‌ల హల్ద్వానీ అని ఒక పట్నం ఉన్నది. అక్కడ రైల్వే స్టేషన్ పక్క బన్‌భూల్‌పురాల నాలుగు వేలకు పైగా కుటుంబాలు ఉంటున్నయి. బడులున్నయి, గుళ్లు, మసీదులున్నయి. 2022 డిసెంబర్‌ల హైకోర్టు అది రైల్వే జాగ, ఖాళీ చేపియ్యమన్నది. 2023 జనవరి 5న సుప్రీంకోర్టు ఆపింది. యాభై వేల మందిని రాత్రికి రాత్రి లేపలేరని చెప్పింది. 2024 జులైల పునరావాసం సంగతి తేల్చమని సర్కార్లకు చెప్పింది. మంచిదే. కని అక్కడి మనిషి తీరు ఆలోచించుండ్రి. సొంత ఇంట్ల ఉండుకుంట ఏండ్లకేండ్లు కోర్టు వాయిదాల మీద బతుకుడు. ఇల్లు అమ్ముదామంటే కొనెటోడు రాడు, బాగు చేసుకుందామంటే మనసు రాదు.

ఇంకో సంగతి శానా మందికి తెల్వదు. బుల్డోజర్ కూల్చివేతల మీద 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు పెద్ద తీర్పు ఇచ్చింది. పదిహేను రోజుల నోటీసు లేకుంట ఇల్లు కూలగొట్టొద్దని చెప్పింది. మనమంతా సంబురపడ్డం. కని అండ్లనే ఒక మినహాయింపు ఉన్నది: రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైన్ పక్క, నది, చెరువు అసుంటి బహిరంగ జాగల్ల అనుమతి లేకుంట కట్టినయాటికి గా ఆదేశాలు వర్తించవు. రైల్వే లైన్ పక్క అని పేరు పెట్టి మరీ చెప్పింది. రైల్వే జాగ అని తేలితే ఖాళీ చేపియ్యనీకి 1971 నాటి వేరే చట్టం ఉన్నది. దాని కింద రైల్వే ఎస్టేట్ ఆఫీసర్ నోటీసు ఇస్తడు, విచారణ కూడ ఆయనే చేస్తడు. "పన్నెండేండ్లు ఉంటే జాగ మనదైతది" అని ఊర్లల్ల చెప్పే మాట సర్కారు భూమి కాడ నడవదు. అక్కడ లెక్క ముప్ఫై ఏండ్లు, రుజువు చేసుడు ఇంకా కష్టం.

జాగ మనదే అయినా లైన్ ఆగదు

సరే, జాగ పక్కా పట్టా అనుకుందాం. అయినా అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉన్నది: ఇంకో పదేండ్లకు గీ లైన్ ఎంత వెడల్పు అయితది? ఒక్క లైన్ రెండైంది, రెండు మూడైతున్నయి, మూడు నాలుగైతయి. గేటు తీసేసి బ్రిడ్జి కడ్తే దానికి కూడ రెండు దిక్కుల జాగ కావాలె.

రైల్వే ప్రాజెక్టుకు భూమి తీసుకోవాల్నంటే రైల్వే చట్టం 20ఏ కింద నోటిఫికేషన్ ఇస్తరు. దాని సారాంశం రెండు పేపర్లల్ల ఏస్తరు, ఒకటి మన భాషల ఉండాలె. గా నోటిఫికేషన్ వచ్చిన ముప్ఫై రోజుల లోపల అభ్యంతరం రాసిస్తేనే లెక్క. మనోళ్లు పేపర్‌ల గా ప్రకటన సూడరు, ముప్ఫై రోజులు దాటిపోతయి, ఆ తర్వాత కలెక్టరాఫీసు ముంగట టెంట్ ఏస్తరు. నేను గసుంటి టెంట్లల్ల కూసున్న. కడుపు మంట నిజమే, గడువు దాటినంక దరఖాస్తు బలం తగ్గుడు కూడ నిజమే.

పరిహారం 2013 భూసేకరణ చట్టం లెక్కల వస్తది. ధర కట్టి, పల్లె జాగైతే గుణకం ఏసి, దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం ఇస్తరు. వినేటందుకు మస్తుగున్నది. కని ధర యాడికెళ్లి కడ్తరు? రిజిస్ట్రేషన్ విలువలు, సుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాల ధరలు సూసి. మనోళ్లు ఏం చేస్తరు? ఇరవై ఎనిమిది లక్షలకు కొని, స్టాంపు డ్యూటీ మిగులుతదని పది లక్షలకు రాపిస్తరు. రేపు పరిహారం కాడ ఆ పది లక్షల కాయితమే మన మీదికి సాక్ష్యం చెప్తది. తెల్ల పైసలు, నల్ల పైసలు అని బ్రోకర్ చెప్పే తెలివి అమ్మెటోనికి పన్ను తగ్గిస్తది, మన హక్కును కోస్తది.

మరి లైన్ మన గోడ దాంక వచ్చి ఆగితే? జాగ తీసుకోలే కాబట్టి భూమి పరిహారం రాదు. సప్పుడు డబుల్ అయితది, ఇంటి ధర పడ్తది. ఆ నష్టం మన ఖాతాలనే.

నీళ్లు, పిల్లలు

రైలు కట్ట అంటే అడ్డంగ ఏసిన మట్టి గోడ. దాని కింద చిన్న మోరీలు, తూములు పెడ్తరు. వాన నీళ్లు గండ్లకెళ్లే పోవాలె. మోరీ పూడిపోయినా, నీళ్లు ఎక్కువైనా కట్టకు ఎగువున ఉన్న ఇండ్లల్లకు వస్తయి. 2024 ఆగస్టు ఆఖర్ల, సెప్టెంబర్ మొదట్ల పడ్డ వానలకు మహబూబాబాద్ జిల్లాల కేసముద్రం–ఇంటికన్నె నడుమ పట్టాల కింద మట్టి, కంకర కొట్టుకపోయి పట్టాలు గాలిల యాలాడినయి. రైల్వే కట్టనే కొట్టుకపోయే వరదల పక్కన ఇంటి గోడ ఎంత? ఎండకాలం ఇల్లు కొనొద్దు తమ్మీ. వానకాలం పోయి సూడు. పక్కింటి అవ్వను అడుగు, నీళ్లు ఎంత దాంక వచ్చినయని. ఆమె గోడ మీద గీత సూపెడ్తది.

దారి సంగతి కూడ సూడాలె. బడి అవుతల, ఇల్లు ఇవుతల ఉంటే పిల్లలు ఎటు దాటుతరు? కింది బ్రిడ్జి ఉంటే వానకు నిండుతది. 2022 జులైల మహబూబ్‌నగర్ కాడ గసుంటి బ్రిడ్జి కింద నీళ్లల్ల స్కూలు బస్సు ఇరుక్కుంటే పిల్లలను ఎట్లనో బయటికి తీసిండ్రు. 2014 జులై 24న మాసాయిపేటల కాపలా లేని గేటు కాడ స్కూలు బస్సును రైలు గుద్దిన దినం మనం మర్వలే, మర్వలేం. కాపలా లేని గేట్లు గిప్పుడు బ్రాడ్‌గేజ్ మీద తీసేసిండ్రు. కని బస్తీ జనం దగ్గరి దారని పట్టాల మీదికెళ్లే దాటుతున్నరు. పట్టుకుంటే వెయ్యి రూపాయల దాంక జుర్మానా, ఆరు నెలల దాంక జైలు కూడ ఉన్నది. అంతకంటే పెద్ద శిక్ష వేరే ఉన్నది. మన ముఖ్య లైన్ల మీద గిప్పుడు 130 కిలోమీటర్ల వేగం నడుస్తున్నది. అంటే సెకనుకు 36 మీటర్లు. అర కిలోమీటర్ దూరంల కనవడ్డ రైలు పద్నాలుగు సెకన్లల్ల మీద ఉంటది. పాత డీజిల్ ఇంజన్ దూరం నుంచే దడదడమంటుండె. కరెంటు ఇంజన్ గంత సప్పుడు చెయ్యది. చెవుల ఇయర్‌ఫోన్ పెట్టుకున్న పోరనికి అదీ వినవడది. పైన తీగలల్ల 25 వేల వోల్టుల కరెంటు. పతంగుల పండుగకు ఇంటి మీదికి ఎక్కే పిల్లలు ఉన్న ఇల్లైతే అది కూడ యాది పెట్టుకోవాలె.

స్టేషన్ వేరు, పట్టాలు వేరు

"రేపు గీడ స్టేషన్ వస్తది, ఎంఎంటీఎస్ వస్తది, ధర మూడింతలు" అని చెప్తరు. రైలు ఆగే కాడికి నడిచి పోయే దూరంల ఇల్లుంటే అది లాభమే. మా ఊరి దిక్కు ఎంత మంది పొద్దుగాల ప్యాసింజర్ ఎక్కి పనికి పోయి రాత్రి వస్తలేరు? కని ఆగని రైలు పక్కన ఉంటే మనకు దుమ్ము, సప్పుడే మిగుల్తది. ఎంఎంటీఎస్‌ను ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దాంక పొడిగిస్తమనే మాట 2016 నుంచి వినవడ్తనే ఉన్నది. ఆ మాట మీద ఎన్ని ప్లాట్లు అమ్ముడుపోయినయో! రైలు వచ్చినంక రైలుకు ధర కట్టండ్రి, మాటకు కాదు.

మరి ఏం చెయ్యాలె?

పట్టాల పక్కన కొననే వద్దని నేను చెప్తలేను. పేదోనికి దొరికే అగ్గువ జాగ గదే అయితే, లెక్క సూసుకొని కొనుడు తప్పు కాదు. కని అడ్వాన్స్ ఇచ్చే ముందు గియ్యి చెయ్యండ్రి.

ఒకటి, ముప్ఫై ఏండ్ల ఈసీ తియ్యండ్రి, లింకు డాక్యుమెంట్లు అన్ని అడగండ్రి. సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితల ఉన్నదేమో సూడండ్రి. రెండు, ఊరి నక్ష తీసుకొని లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తోని రైల్వే హద్దు నుంచి ఇంటి దాంక కొలిపియ్యండ్రి. నాలుగైదు వేలు ఖర్చయితయి, ఎకరం పైసలు కాపాడ్తయి. మూడు, ఇంటి పర్మిషన్ కాయితం, 30 మీటర్ల లోపల ఉంటే రైల్వే ఎన్‌వోసీ అడగండ్రి. నాలుగు, ఆ లైన్ మీద కొత్త లైన్ గాని బ్రిడ్జి గాని ఉన్నదా అని రైల్వే డివిజన్‌కు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండ్రి. పది రూపాయల ఖర్చు, ముప్ఫై రోజుల ఓపిక. ఐదు, బ్యాంకుకు పోండ్రి. బ్యాంకు వకీలు కాయితాలు సూసి లోన్ ఇయ్యనంటే, "ప్రైవేట్ ఫైనాన్స్ నేను ఇప్పిస్త" అనే బ్రోకర్ మాట వినొద్దు. బ్యాంకు ఇస్తనన్నా మీ కొలత మీరు మానొద్దు. ఆరు, కొన్న ధరనే కాయితం మీద రాపియ్యండ్రి.

ఇగ సర్కారును అడగాల్సింది. గీ ఆరు పనులు డీసీఎం నడిపే పోరడు ఎందుకు చెయ్యాలె? రిజిస్ట్రేషన్ కాడ లక్షల స్టాంపు డ్యూటీ గుంజుకునే సర్కారుకు ఆ జాగ రైల్వే హద్దుల ఉన్నదో లేదో చెప్పే బాధ్యత లేదా? 2025 ఏప్రిల్‌ల భూభారతి తెచ్చిండ్రు, భూముల లెక్క తేలుస్తమన్నరు. మరి రైల్వే, రెవెన్యూ కలిసి సర్వే చేసి, హద్దు రాళ్లు పాతి, గా నక్షను ప్రతి గ్రామ పంచాయతీ, మున్సిపాలిటీ గోడ మీద తెలుగుల ఎందుకు పెట్టరు? కొత్త లైన్ ఎటు పోతదో వెంచర్ ఏసెటోనికి ముందే తెలుస్తది, రైతుకు, ఇల్లు కొనెటోనికి ఆఖరికి తెలుస్తది. గా తేడా మీదనే వాడు బతుకుతున్నడు. ఇప్పటికే పట్టాల పక్కన బతుకుతున్న పేదోళ్లను లేపాల్సి వస్తే ముందు ఇల్లు సూపెట్టి తర్వాత లేపాలె. తప్పుడు పర్మిషన్ ఇచ్చిన సంతకాన్ని వదిలిపెట్టి, నమ్మి కొన్నోని గోడ మీదికే బుల్డోజర్ పంపుడు న్యాయం కాదు.

మా మేనల్లుడు ఆ ఇల్లు తీసుకోలే. పదకొండు మీటర్ల కొలత సూసినంక వాని పెండ్లామే వద్దన్నది. ఇంకా కిరాయి ఇంట్లనే ఉన్నరు, కిరాయి కూడ పెరిగింది. గా బాధ వానికి ఉన్నది, నాకూ ఉన్నది.

నెల దాటినంక ఆ దారిల పోతుంటే సూసిన. ఆ ఇంటికి మామిడాకుల తోరణం కట్టి ఉన్నది. ముంగట చిన్న సైకిల్ నిలబెట్టి ఉన్నది. ఎవలో కొన్నరు. వాళ్లకు ఎవలన్న టేపు పట్టి కొలిచి సూపెట్టిండ్రా? తెల్వది. ఎన్క నుంచి గూడ్సు పోయింది, తోరణం కదిలింది.